శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు: నీరు, చక్రము, విద్యుచ్ఛక్తి

ఉగాది సంచికలో ఒక మహనీయుని జీవితమును స్మరించుకొనుట మంచి ఆచారము. పండుగనాడు పంచాంగశ్రవణము చేసి, రానున్న సంవత్సరపు ఆదాయవ్యయములు తెలిసికొందుము గదా! దేశము యొక్క ఆదాయవ్యయములను, అందునా నీటి యొక్కయు శక్తి యొక్కయు ఆదాయవ్యయములను, జన్మాంతము లెక్కించిన ఒక పెద్దమనిషిని గూర్చి ఈ సారి నాలుగు మాటలు వ్రాయదలచినాము. ఆయనే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు.

మేము రైల్వేలో గుమాస్తా పని చేయువారము. మెట్రిక్యులేషను వరకే చదివినాము, ఇంజనీర్లము కాము. అయినను, ఈ మహాశయుని జీవితము మన సంఘములోని కుటుంబములకు రెండు విధముల దగ్గరిది. మొదటిది, ఆయన పూర్వులును మనవలెనే ఊరు విడిచి వచ్చిన తెలుగువారు. రెండవది, మనలో అనేకులకు పుట్టినిల్లయిన పావగడ తాలూకాలో నేడు వేలాది ఎకరముల మీద సూర్యరశ్మి విద్యుచ్ఛక్తిగా మారుచున్నది. ఆ మార్పు వలన మనకేమి లాభము, ఏమి నష్టము అని ఇంటింట చర్చ జరుగుచున్న ఈ కాలమున, శక్తిని లెక్కగట్టుట యెట్లో తెలిసిన పెద్దవారి చరిత్ర చదువుట మేలు.

వంశము, బాల్యము

విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరే వారి పూర్వుల ఊరిని చెప్పుచున్నది. ఆంధ్రదేశమున కంభము, గిద్దలూరు ప్రాంతములో మోక్షగుండమను గ్రామము కలదు. అక్కడినుండి వారి పూర్వులు కొన్ని తరముల క్రిందట మైసూరు సీమకు వలస వచ్చి, నంది కొండల సమీపమున చిక్కబళ్లాపురము తాలూకాలోని ముద్దేనహళ్లిలో స్థిరపడినారు. ఊరు మారినది, రాజ్యము మారినది, కాని ఇంటిపేరు మారలేదు, ఇంటి భాషయు మారలేదు. వలస వచ్చిన వారికి ఇంటిపేరే పట్టా కాగితము వంటిదని దీనివలన తెలియుచున్నది.

ఆయన 1861 సెప్టెంబరు 15వ తేదీన జన్మించినారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. ఇంట పాండిత్యము ఉన్నదే గాని ధనము లేదు. బాల్యముననే తండ్రి గతించినారు. మేనమామ ఆదరణతో బెంగుళూరు చేరి, పిల్లలకు ప్రైవేటు చెప్పి సంపాదించుకొనుచు సెంట్రల్ కాలేజీలో బి. ఏ. పూర్తి చేసినారు. తరువాత మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనముతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో మొదటివారుగా ఉత్తీర్ణులైనారు. ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి తమ చదువు నడుపుకొనిన పిల్లలు మన కుటుంబములలోను కలరు. వారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

బొంబాయి రాష్ట్రమున కొలువు

1884లో బొంబాయి ప్రభుత్వపు మరామత్తు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరి, నాసిక్, ఖాందేశ్, పూనా ప్రాంతములలో పని చేసినారు. సింధు దేశములోని సుక్కూరు పట్టణమునకు సింధునది నీటిని అందించు ఏర్పాటు చేసి ప్రభుత్వము మెప్పు పొందినారు. కాలువ నీటిని వంతులవారీగా, భాగములు చేసి పంచు పద్ధతిని ప్రవేశపెట్టినారు. నీరు దొరికినవానికి మితిమీరి, దొరకనివానికి చుక్క లేకుండుట ఆయనకు సరిపడలేదు.

ఆయన పేరు దేశమంతట ప్రాకినది ఖడక్‌వాస్లా జలాశయము వద్ద. ఇది పూనా నగరమునకు నీరిచ్చు చెరువు. కట్ట ఎత్తు పెంచినగాని నీటి నిలువ పెరుగదు, పెంచిన యెడల పాత కట్ట ఆ బరువునకు ఆగునో ఆగదో! ఆయన కట్టను పెంచక, నీరు పొర్లిపోవు కలుజు మీద తలుపులు అమర్చినారు. 1903లో అమర్చిన ఈ తలుపులను తెరచుటకు మనిషి అవసరము లేదు, ఆవిరి యంత్రము అవసరము లేదు. నీరు నియమిత మట్టము దాటగనే, ప్రతి బరువుల అమరిక వలన, తలుపు తనంతట తానే తెరచుకొనును. మట్టము తగ్గగనే తానే మూసుకొనును. వరద యొక్క బలమే వరదకు దారి చూపినదన్నమాట. ఆ తలుపులకు పేటెంటు లభించినది. తరువాత గ్వాలియరులోను, మైసూరు సీమలోను ఆ పద్ధతినే వాడినారు.

ఈ తలుపులలోనే ఆయన జీవితమంతటికి మూలమైన ఒక ఆలోచన కలదు. ప్రకృతిలో బలము ఉన్నది. మనము క్రొత్తగా బలమును పుట్టింపజాలము. ఉన్నదానిని ఒక చోటినుండి మరియొక చోటికి, ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చవలెను. ఆ మార్పులో ఎంత చేతికి వచ్చినది, ఎంత జారిపోయినది, ఈ రెండును లెక్క వ్రాసికొనవలెను.

మూసీ వరద

1908లో ఆయన స్వచ్ఛందముగా బొంబాయి కొలువు విడిచి విదేశయాత్రలో ఉండగా, సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీనది పొంగినది. వేలాది ప్రజలు ప్రాణములు కోల్పోయినారు. ఇండ్లు, వంతెనలు కొట్టుకొనిపోయినవి. నిజాం ప్రభుత్వమువారు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించినారు. ఆయన నగరములో గోడలు ఎత్తించుటతో సరిపెట్టుకొనలేదు. వరద పుట్టుచున్న పై ప్రాంతములోనే దానిని పట్టి ఉంచవలెనని సలహా చెప్పినారు. మూసీమీద ఉస్మాన్‌సాగరు, దాని ఉపనది ఈసీమీద హిమాయత్‌సాగరు ఆ ఆలోచన ఫలములే. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తియైనవి. నగరమును ముంచిన నీరే నగరమునకు త్రాగునీరైనది. ఒక్కసారిగా వచ్చిన బలము వినాశకరము, నిలువచేసి కొంచెము కొంచెముగా విడిచిన బలము ఉపకారి. విద్యుచ్ఛక్తి విషయమునను ఇదే నీతి అని ముందు చూతము.

శివసముద్రము: నీటి పాటుకు బంగారు గని

1909లో మైసూరు మహారాజు శ్రీ నాల్వడి కృష్ణరాజ ఒడెయరు గారి ప్రభుత్వము ఆయనను చీఫ్ ఇంజనీరుగా పిలిచినది. అప్పటికే మైసూరు సీమలో ఒక విచిత్రము జరిగియున్నది. దివాను శేషాద్రి అయ్యరు గారి కాలమున, జోలీ డి లాట్బినియర్ అను ఇంజనీరు ప్రయత్నమువలన, కావేరి శివసముద్రము వద్ద దుముకుచోట విద్యుత్కేంద్రము కట్టినారు. 1902 జూనులో అక్కడి విద్యుచ్ఛక్తి 92 మైళ్ల దూరమున ఉన్న కోలారు బంగారు గనులకు చేరినది. ఆనాటికి ప్రపంచములోనే అతి దీర్ఘమైన లైనులలో ఇది యొకటి. మొదట అమర్చినవి ఒక్కొక్కటి 720 కిలోవాట్ల ఆరు యంత్రములు. బెంగుళూరు వీధులలో దీపములు వెలిగినది 1905లో. అనగా కరెంటు ముందు గనికి వెళ్లినది, తరువాతనే నగరమునకు వచ్చినది.

ఆ గనులలో పనిచేసిన కూలీలలో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల నుండి వలసవచ్చిన తెలుగువారు, తమిళులు అనేకులు. వారి చేతుల మీదుగా పైకి వచ్చిన రాతిని దంచు మిల్లులను త్రిప్పినది కావేరి నీరు. 92 మైళ్ల దూరమున పడుచున్న నీరు ఇక్కడ రాయిని దంచుట యెట్లు? ఈ సంగతి పిల్లలకు చెప్పదగినది.

మన ప్రాంతమున పూర్వము కపిల తోలుట అందరికి తెలిసినదే. ఎద్దులు పల్లమునకు నడచును, మోకు బిగియును, బావిలోనుండి తోలుతిత్తి పైకి వచ్చును. తిత్తి నిండుగా ఉన్న యెడల ఎద్దు మెడమీద భారము తత్క్షణమే తెలియును. మోకు తెగి తిత్తి జారిన యెడల ఎద్దులు ముందుకు తూలును. ఒక కొసన జరిగినది రెండవ కొసకు తెలియనిదే ఉండదు. మోకు బలమును పుట్టించదు, మోయును మాత్రమే.

శివసముద్రమునకును కోలారునకును నడుమ నున్న తీగ సరిగా ఈ మోకు వంటిది. సుమారు 400 అడుగుల ఎత్తునుండి గొట్టములలో దిగిన నీరు చక్రమును త్రిప్పును. చక్రము డైనమోను త్రిప్పును. అయస్కాంతమునకును రాగితీగకును నడుమ చలనము కలుగగా తీగలో కరెంటు పుట్టును. ఆ కరెంటు గనిలోని మోటారులోనికి పోయి, మరల అయస్కాంతబలముగా మారి, ఇరుసును త్రిప్పును. నీటి పాటు తిరుగుడుగాను, తిరుగుడు కరెంటుగాను, కరెంటు మరల తిరుగుడుగాను మారినది.

ఇందులో చిత్రమేమనగా, డైనమో తీగలో కరెంటు ప్రవహింపనంతవరకు చక్రమును త్రిప్పుట తేలిక. గనిలో మోటారు మీద భారము పడి కరెంటు ప్రవహింపసాగగనే, ఆ కరెంటే డైనమోలో ఎదురుబలమును పుట్టించి చక్రమును వెనుకకు పట్టును. ఇక మోటారు సంగతి. అది తిరుగునప్పుడు తానును ఒక చిన్న డైనమోవలె వచ్చు కరెంటునకు ఎదురొత్తిడి కలిగించును. భారము లేక వేగముగా తిరుగునప్పుడు ఎదురొత్తిడి ఎక్కువ, కావున కరెంటు తక్కువ తీసికొనును. రాయి గట్టిపడి వేగము తగ్గగనే ఎదురొత్తిడి తగ్గును, కరెంటు ఎక్కువ తీసికొనును. అడుగువారు, ఇచ్చువారు ఎవరును లేకయే, కోలారులో రాయికి కావలసినంత బలమును శివసముద్రములో నీరు అప్పటికప్పుడు ఇచ్చుచుండును. భారము ఒక్కసారిగా తొలగిన యెడల, మోకు తెగిన ఎద్దువలె, చక్రము వెర్రివేగము పొందును. అందుకే వేగమును కనిపెట్టి నీటి ద్వారమును మూయు తెరచు గవర్నరు అను సాధనము ప్రతి చక్రమునకు ఉండును.

త్రోవలో నష్టమును తప్పదు. కరెంటు ఎక్కువైన కొలది తీగ వేడెక్కి శక్తి ఆవిరియగును. కాబట్టి ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజి పెంచి, కరెంటు తగ్గించి పంపుదురు. వోల్టేజి పదిరెట్లు పెంచిన కరెంటు పదోవంతు అగును, తీగలోని నష్టము నూరవ వంతునకు దిగును. శివసముద్రపు లైనులో 35,000 వోల్టులు వాడినది ఇందుకే.

మా శాఖలో ఇందుకు మంచి ఉదాహరణము కలదు. మూడు ఫేజుల మోటార్లు గల ఎలక్ట్రిక్ ఇంజను ఎత్తు ఎక్కునప్పుడు తీగనుండి కరెంటు తీసికొనును. పల్లము దిగునప్పుడు అదే మోటారు డైనమోగా మారి, బండి బరువువలన పుట్టిన బలమును కరెంటుగా చేసి తిరిగి తీగలోనికి పంపి, తాను బ్రేకువలె పట్టును. దిగుచున్న బండి ఇచ్చిన కరెంటుతో మరియొక బండి ఎక్కవచ్చును. ఒకటే యంత్రము, శక్తి ఎటునుండి వచ్చినదో దానినిబట్టి మోటారో డైనమోయో అగును.

కన్నంబాడి

ఇంత బాగుగా నడుచుచున్న శివసముద్రమునకు ఒక లోపము కలదు. వేసవిలో కావేరి సన్నగిల్లును. నీరు లేనిదే చక్రము తిరుగదు, చక్రము తిరుగనిదే గనిలో మిల్లు నిలుచును. గనులవారు ఇంకను ఎక్కువ కరెంటు అడుగుచున్నారు. ఎన్ని డైనమోలు తెచ్చి పెట్టిననేమి, ఎండకాలమున నదిలో లేని బలమును డైనమో ఎక్కడినుండి తెచ్చును?

విశ్వేశ్వరయ్య గారు యంత్రశాలను చూడక, ఎగువ నదిని చూచినారు. కన్నంబాడి వద్ద పెద్ద ఆనకట్ట కట్టి, వానకాలపు వెల్లువను నిలువచేసి, సంవత్సరము పొడుగున సమముగా విడిచిన యెడల, అదే నీరు శివసముద్రములో కరెంటు నిచ్చును, మండ్య సీమలో పొలములకును పారును. నిలువయున్న నీరు నిలువయున్న శక్తియే. లెక్క కూడ కష్టము కాదు. మూడు ఘనమీటర్ల నీరు 400 అడుగులు దిగిన యెడల అందు ఇంచుమించు ఒక యూనిట్ శక్తి కలదు. చక్రములోను డైనమోలోను పోవు తరుగు తీసివేసిన మిగిలినది కరెంటు.

ఇంత ఖర్చు రాజ్యము భరింపగలదాయని ధనశాఖవారు సందేహించినారు. గనులకు అమ్ము కరెంటు ఆదాయమే వడ్డీ తీర్చునని ఆయన లెక్కలు చూపినారు. మహారాజు 1911లో అనుమతి నిచ్చినారు. అంతట మద్రాసు ప్రభుత్వముతో వివాదము వచ్చినది. పైన నీరు ఆపిన క్రింద తంజావూరు పొలముల గతి యేమని వారి ప్రశ్న. అది అన్యాయమైన ప్రశ్న కాదు. మొదట 11 టి. ఎం. సి. ల చిన్న నిలువకు మాత్రమే సమ్మతి దొరకినది. ఆయన అంతటితో చాలించుకొనక, పైకి చిన్న కట్టయే కట్టినను, పునాదిని మాత్రము పెద్ద కట్టకు తగిన వెడల్పుతో వేయించినారు. తగాదా 1924 ఒడంబడికతో తీరిన తరువాత ఆ పునాదిమీదనే పూర్తి ఎత్తు లేచినది. సున్నము, ఇటుకపొడి కలిపిన సుర్కీ గచ్చుతో కట్టిన ఈ ఆనకట్ట పొడవు సుమారు 8,600 అడుగులు, ఎత్తు సుమారు 130 అడుగులు. 1930 దశకపు ఆరంభమున పని పూర్తియైనది. దీనికి కృష్ణరాజసాగరమని పేరు. ఖడక్‌వాస్లా తలుపుల పద్ధతి ఇక్కడను ఉపయోగపడినది. మండ్య సీమను పచ్చబరచిన కాలువ నేడు ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

ఒక సంగతి దాచరాదు. ఆ నీటిలో కన్నంబాడి మునిగినది, ఇంకను కొన్ని ఊళ్లు మునిగినవి. అక్కడి వేణుగోపాలస్వామి ఆలయము జలగర్భములో దశాబ్దములు ఉండి, కరవు వచ్చినప్పుడు బయటపడుచుండెడిది. ఇటీవలి కాలమున దానిని తరలించి గట్టున పునర్నిర్మించినారు. దేవుని గుడి గట్టుకు చేరినది. ఇల్లు మునిగిన రైతు కుటుంబములు ఎటు చేరినవో వారి మనుమలే చెప్పవలెను. మండ్యలో పండిన ప్రతి పంటకును, కోలారులో దొరకిన బంగారమునకును ఆ ఊళ్లవారు కొంత మూల్యము చెల్లించినారు. శక్తి ఊరక రాదు, ఎవరో ఒకరి ఖాతాలో ఖర్చు వ్రాయబడును.

దివాను పదవి

1912లో ఆయన మైసూరు దివాను అయినారు. ఆరేండ్ల కాలములో 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ ఏర్పడినవి. రైలుమార్గములు విస్తరించినవి. మైసూరు, అరసికెరెల నడుమ లైను ఆ కాలపు పనియే. భద్రావతి ఇనుప కార్ఖానాకు ఆలోచన చేసినదియు ఆయనయే. 1923లో అక్కడ పని ప్రారంభమైనది. దేశమునకు పరిశ్రమలు లేనిదే దారిద్ర్యము పోదని ఆయన దృఢమైన నమ్మకము.

1918లో ఆయన పదవికి రాజీనామా ఇచ్చినారు. ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన వర్గములకు తగిన భాగము ఇచ్చుటను గూర్చి మహారాజు మిల్లరు కమిటీని నియమించినారు. పరీక్షలోని యోగ్యతయే ప్రమాణము కావలెనని విశ్వేశ్వరయ్య గారి అభిప్రాయము. ఇందు మా అభిప్రాయము మహారాజు పక్షమున ఉన్నది. పై వూరి చెరువు నిండినదని క్రింది వూరి చెరువు నిండినట్లు కాదు, తూము తెరచినగాని నీరు దిగదు. మహాశయుల జీవితములో మనకు సమ్మతము గాని భాగమును కూడ చెప్పికొనుటయే వారికి గౌరవము. అభిప్రాయభేదము వచ్చినప్పుడు పదవిని పట్టుకొని వ్రేలాడక విడిచిపోయిన నిబ్బరము మాత్రము అందరును మెచ్చదగినది.

పదవి విడిచిన తరువాత ఆయన మరి నలువది సంవత్సరములకు మించి జీవించినారు. 1934లో దేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవిధానమును గూర్చి గ్రంథము వ్రాసినారు. తొంబది యేండ్లు దాటిన తరువాత కూడ, బీహారులో మొకామా వద్ద గంగానదిమీద రైలు, రోడ్డు వంతెనకు స్థలనిర్ణయము చేయుటలో పాల్గొన్నారు. ఆ వంతెన 1959లో ప్రారంభమైనది. రైల్వేవారమైన మాకు ఈ విషయము ప్రత్యేకముగా సంతోషము కలిగించును. 1955లో భారతరత్న బిరుదము లభించినది. 1962 ఏప్రిలు 14వ తేదీన, నూరేండ్లు నిండిన పిమ్మట, బెంగుళూరులో దివంగతులైనారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలోనే జరిగినవి. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుకొందురు. ఆయన పోషించిన కోలారు గనులు మాత్రము 2001లో మూతపడినవి.

మన పావగడ

ఇక మన ఊరి సంగతి. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను మూడు వైపుల ఆంధ్రదేశమే చుట్టియున్నది. నాగలమడక మీదుగా ఉత్తర పినాకిని పోవును గాని, కావేరివలె నిండుగా పారునది కాదు. వాన తక్కువ, వేరుశనగ పైరే ఆధారము. చాలకాలము మన వారు రైలెక్కవలెనన్న హిందూపురమో పెనుకొండో చేరవలసియుండెడిది. రైలెక్కిన వారిలో చాలమంది తిరిగి రాలేదు. ఈ సంచిక చదువుచున్న కుటుంబములే సాక్ష్యము.

బావులు ఎండినవి, బోర్లు వచ్చినవి. ఇక్కడ శివసముద్రపు లెక్కను తలక్రిందులు చేసి చూడవలెను. అక్కడ మూడు ఘనమీటర్ల నీరు 400 అడుగులు దిగి ఒక యూనిట్ ఇచ్చినది. మన బోరులో 400 అడుగుల లోతునుండి అదే నీటిని పైకి తేవలెనన్న అదే ఒక యూనిట్ మనమే ఇయ్యవలెను. మోటారు, పంపు, గొట్టములలోని తరుగు కలిపిన ఇంచుమించు రెండు యూనిట్లు పట్టును. నీటిమట్టము రెట్టింపు లోతునకు పోయిన, కరెంటును రెట్టింపు. బిల్లు రైతు చేతికి రాకపోవచ్చును, లెక్క మాత్రము తప్పదు. కావేరి తీరమున నీరు కరెంటును కన్నది. పావగడలో కరెంటు నీటిని పుట్టింపజాలదు, ఉన్న నీటిని పైకి తేగలదు, అంతే.

అట్టి తాలూకాలో తిరుమణి, వల్లూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల పొలములలో సుమారు 13,000 ఎకరముల మీద సౌరవిద్యుత్ ఉద్యానము ఏర్పడినది. 2018లో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల పూర్తిశక్తి పొందినది. 1902 నాటి శివసముద్రపు ఆరు యంత్రముల మొత్తము కంటె ఇది సుమారు 475 రెట్లు! మనలను తరిమిన ఎండయే నేడు రాజ్యమునకు ఆదాయమైనది.

అయితే విశ్వేశ్వరయ్య గారు ఉన్న యెడల రెండు ప్రశ్నలు అడిగియుందురని మాకు తోచుచున్నది.

మొదటిది నిలువ ప్రశ్న. సౌరఫలకములో తిరుగు చక్రము లేదు, వెలుతురు నేరుగా కరెంటుగా మారును. సూర్యుడు అస్తమింపగనే 2,050 మెగావాట్లు సున్న అగును. 2013 డిసెంబరు 31 నుండి దేశమంతటి విద్యుత్ లైనులు ఒకే జాలముగా కలిసియున్నవి. అందులోని నీటి, బొగ్గు కేంద్రముల డైనమోలన్నియు, ఒకే కాడి క్రింది ఎద్దులవలె, 50 ఆవృత్తుల లెక్కకు అడుగు కలిపి నడుచును. ఎక్కడో భారము పెరిగిన అన్నియు ఒక వెంట్రుకవాసి నెమ్మదించును. ఆ క్షణమున వాని తిరుగుడులో నిలువయున్న బలమే లోటును పూరించును. తరువాత గవర్నర్లు నీటిద్వారములు తెరచును. సౌరఫలకమునకు అట్టి బరువైన తిరుగుడు లేదు. కాబట్టి సాయంకాలము మన ఇండ్ల దీపములకు శరావతి వంటి జలాశయముల నీరును, బొగ్గు కేంద్రములును ఆదుకొనవలెను. పగటి కరెంటుతో నీటిని ఎత్తునకు తోడి, రాత్రి దింపుకొనుట మరియొక మార్గము. శ్రీశైలము ఎడమగట్టున ఒక్కొక్కటి 150 మెగావాట్ల ఆరు యంత్రములను అట్లు రెండు విధముల పనిచేయునట్లు కట్టినారు. ఒక దిక్కున త్రిప్పిన డైనమో, రెండవ దిక్కున త్రిప్పిన పంపు. కన్నంబాడి నాటి నీతి మారలేదు. శక్తి పుట్టుట సగము పని, నిలుచుట తక్కిన సగము.

రెండవది ఖాతా ప్రశ్న. కన్నంబాడిలో భూమి మునిగినది, మరల రాదు. పావగడలో భూమిని కొనలేదు, కౌలుకు తీసికొన్నారు. ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేండ్లకొకసారి నూటికి 5 చొప్పున పెంచు ఏర్పాటు. పట్టా రైతు పేరనే నిలిచినది. ఇది మంచి మార్పు. కాని ఆ పొలములో కూలికి పోవుచుండిన భూమిలేని వానికిని, గొర్రెలు మేపుకొనిన వానికిని కౌలు రాదు. వాని పని మాత్రము పోయినది. జమ ఒకరి పేటీలోను, ఖర్చు మరియొకరి పేటీలోను వ్రాసిన యెడల అది సరియైన లెక్క కాదని మావంటి గుమాస్తాలకు కూడ తెలియును.

కావున మన కుటుంబములకు మా విన్నపము ఇది. ఊరిలో సెంటు భూమి ఉన్నను పట్టా, పహణీ కాగితములు సరిచూచుకొనుడు. అన్నదమ్ములు దూరదేశములలో ఉన్నారని పంపకములు వాయిదా వేయకుడు. కౌలు పత్రము మీద సంతకము చేయుటకు ముందు గడువు, పెంపు, గడువు తీరిన పిమ్మట నేలను ఏ స్థితిలో తిరిగి ఇత్తురో చదివి తెలిసికొనుడు. కౌలు సొమ్ము వచ్చువారు, తమ పొలములో పనిచేసిన కూలివాని పిల్లల చదువును ఒక్కసారి తలచుకొనుడు. ప్రైవేటు చెప్పి చదువుకొనిన ఒక పేదబాలుడే కావేరికి కట్ట వేసినాడు. అట్టి బాలుడో బాలికయో పావగడలో నేడును ఉండవచ్చును. పగటి ఎండను రాత్రికి నిలువచేయు మార్గమును వారే ఇంకను చౌకగా కనిపెట్టవచ్చును.

మోక్షగుండము విడిచి వచ్చిన కుటుంబము మూలమును మరువక, చేరిన సీమకు మేలు చేసినది. మనమును అట్లే ఉందుము గాక. ఉగాదిపచ్చడిలోని వేపపూవును బెల్లమును కలిపి తినునట్లు, వలసలోని చేదును తీపిని కలిపి స్వీకరింతము. పాఠకులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.